హిమాలయముల కావల లెక్కించిన అడుగులు

పరదేశ యాత్ర తలపెట్టినవాడు నేడు మొట్టమొదట వెదకునది పాస్‌పోర్టు. పిమ్మట వీసా, మారకద్రవ్యము, వైద్యుని యోగ్యతాపత్రము వరుసగా వచ్చును. ప్రభుత్వోద్యోగి యైనచో వీనికి తోడు సెలవు మంజూరు కావలెను. ఆక్షేపణ లేదని కార్యాలయము వ్రాసి యిచ్చు కాగితమును కావలెను. ఆ యాత్ర కొండల మీదుగా సాగునదైనచో ఉన్ని దుస్తులు, గట్టి పాదరక్షలు, మందులు సమకూర్చుకొని, ఎత్తైన తావుల పలుచని గాలికి శరీరము అలవాటుపడుటకు కొన్ని దినములు అదనముగా కేటాయించుకొనవలెను. ఇంత చేసియు త్రోవలో ఏదో యొకటి మరచితిమని తెలిసివచ్చుట అందరికిని అనుభవమే.

నూటయరువది సంవత్సరముల క్రిందట ఇట్టి పత్రము ఒక్కటియు లేకుండ, పట్టుబడినచో ప్రాణము దక్కునను నమ్మకము లేకుండ, హిమాలయములను దాటి టిబెట్టులో వందలకొలది మైళ్లు నడచి, నడచిన ప్రతి అడుగును లెక్కపెట్టుకొని తిరిగివచ్చిన భారతీయులు కొందరు కలరు. వారు రాజులు కారు, సేనానులు కారు. ఒకరు కొండపల్లెలోని బడిపంతులు. మరియొకరు అక్షరజ్ఞానము లేని దర్జీ. అందరును భారత సర్వే శాఖ పనుపున పోయినవారు. ఆసియాఖండపు పటములో తెల్లగా మిగిలిపోయిన భాగమును నింపినవి వారి పాదములు. వారి సాహసమును గూర్చి పలువురు వ్రాసియున్నారు. కాని సాహసమునకు ముందు సన్నాహమున్నది. ఆ సన్నాహమున ఏమేమి ముందుగా ఆలోచింపబడెనో, ఏది ఆలోచనకు రాకపోయెనో విచారించుట, ప్రభుత్వ కార్యాలయములలో దినములు గడుపు మనవంటివారికి ప్రత్యేకముగా ఉపయోగకరమని నా తలంపు.

దూరమునుండి కొలిచిన కొండ

ఈ కథకు మొదలు మంచుకొండలలో లేదు; మన దక్షిణదేశముననే యున్నది. 1802 ఏప్రిల్ నెలలో విలియం లాంబ్టన్ అను సైనికాధికారి మద్రాసు చెంత సెయింట్ థామస్ కొండ దాపున ఏడున్నర మైళ్ల ఆధారరేఖను కొలువనారంభించెను. ఆ రేఖపై త్రిభుజముల నల్లుకొనుచు దేశమంతటిని కొలుచు మహాకార్యమునకు అది నాంది. తరువాత దానికి మహాత్రికోణమితి సర్వే అను పేరు వచ్చెను. 1818లో జార్జి ఎవరెస్టు హైదరాబాదులో లాంబ్టనునకు సహాయకుడుగా చేరెను. కృష్ణా గోదావరుల నడిమి అడవులలో పనిచేయుచు ఆయనయు, ఆయన పరివారమును విషజ్వరముల పాలైరి. ఆరోగ్యము చెడి ఆయన 1820లో దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతమునకు పోయి విశ్రమింపవలసి వచ్చెను. ప్రపంచమున నత్యున్నత శిఖరమునకు ఎవరి పేరు పెట్టబడినదో ఆ మనుష్యుడు తెలుగునేల యడవులలో జ్వరముతో వణకెనన్న సంగతి మనలో చాలమందికి తెలియదు.

1843లో ఎవరెస్టు పదవి విరమించిన పిదప ఆండ్రూ వా సర్వేయరు జనరలు ఆయెను. నేపాళ ప్రభుత్వము సర్వేవారిని తన దేశమున అడుగిడనీయలేదు. కావున తరాయి మైదానములలో నిలిచి, నూరు మైళ్లకు పైబడిన దూరమునుండి శిఖరములను యంత్రములతో చూచి వారు కోణములు వ్రాసికొనిరి. పదునైదవ శిఖరమని గుర్తు పెట్టిన కొండ యెత్తు 29,002 అడుగులని 1856లో ప్రకటింపబడెను. ఆ కాలమున సర్వేలో ముఖ్య గణకుడుగా నుండినవాడు బెంగాలీయుడైన రాధానాథ్ సిక్దారు.

కొండ యెత్తును దూరమునుండి కొలువవచ్చును. కాని కొండ వెనుకనున్న నదియు, ఊరును, బాటయు దూరమునుండి కానరావు. లాసా నగరము సరిగా ఏ తావున నున్నదో, పడమటినుండి తూర్పునకు పారు సాంగ్‌పో నది కడకు ఏ నదియై సముద్రమున కలియునో అప్పటి పటములలో ఊహయే కాని నిశ్చయము లేదు. టిబెట్టులోనికి ఐరోపావారికి ప్రవేశము నిషిద్ధము. దానికి ఉత్తరపు దేశములు అంతకన్న భయంకరములు. 1857లో కాష్గరు నగరమున అడాల్ఫ్ ష్లాగింట్‌వైట్ అను జర్మను యాత్రికునకు శిరచ్ఛేదము జరిగెను. కొలువవలెనన్న కోరిక యుండెను. కొలుచువారు పోవు త్రోవ లేకుండెను.

యాత్రను లెక్కగా వ్రాసిపెట్టుట మన తెలుగువారికి క్రొత్త విద్య కాదు. చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో బయలుదేరి, కాశి సేవించి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చి, మజిలీలను, బాటలను, ఊళ్ల వసతులను దినదినము వ్రాసియుంచిరి. ఆ గ్రంథము 1838లో అచ్చుపడెను. ఆయనయు ఉద్యోగియే, సెలవు పుచ్చుకొని పోయినవాడే. కాని ఆయన వెంట పరివారముండెను. చేత కలము బహిరంగముగా నుండెను. ఇక మనము చెప్పబోవువారు కలమును దాచుకొని వ్రాయవలసినవారు.

జపమాల, చక్రము, చేతికర్ర

ఈ చిక్కునకు ఉపాయము చూపినవాడు కాశ్మీరు సర్వేను నడపిన కెప్టెను థామస్ మాంట్‌గొమరీ. లడాఖులో పనిచేయుచుండగా ఆయన ఒక సంగతి గమనించెను. తెల్లవారికి మూయబడిన కనుమలు భారతదేశపు వర్తకులకు, యాత్రికులకు తెరచియే యుండెను. 1863లో ఆయన అబ్దుల్ హమీద్ అను మున్షీని యార్కందునకు పంపెను. ఆ మున్షీ తిరుగుత్రోవలో మరణించెను. అతని వ్రాతపత్రములు మాత్రము చేరెను. ఒక మనుష్యుడు పోయెను గాని పద్ధతి ఫలించునని తెలిసెను. ఈ రెండు మాటలు ఒకే వాక్యమున ఇముడుట పాఠకులు గుర్తుంచుకొనదగినది.

అదే సంవత్సరము కుమాయూను విద్యాశాఖలో నున్న మేజరు స్మిత్ సిఫారసుపై ఇద్దరు జ్ఞాతులు ఎన్నుకొనబడిరి: నైన్‌సింగు, మణిసింగు. వారిది జోహారు లోయలో, నందాదేవి శిఖరమునకు చేరువ, 11,000 అడుగులకు మించిన యెత్తున నున్న మిలం గ్రామము. ఆ లోయవారు భోటియాలు. వేసవిలో కనుమలు దాటి ధాన్యము, బట్టలు ఇచ్చి, ఉప్పు, ఉన్ని తెచ్చుకొని జీవించువారు. టిబెట్టు భాష తెలిసినవారు. 1830లో జన్మించిన నైన్‌సింగు యౌవనమున ష్లాగింట్‌వైట్ సోదరుల వెంట తిరిగి కొంత పని నేర్చెను. పిమ్మట తన గ్రామపు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడాయెను. అందువలన ఆయనకు పండితుడన్న వ్యవహారము కలిగెను. తరువాత ఆ మాటయే ఈ వర్గమునకంతకు పేరాయెను.

దెహరాదూనులో వారికి రెండేండ్లు శిక్షణ జరిగెను. సెక్స్‌టంటుతో సూర్యనక్షత్రముల యెత్తు చూచుట, దిక్సూచితో దిశ గుర్తించుట, నీరు మరుగు వేడిమినిబట్టి స్థలము యొక్క ఎత్తు నిర్ణయించుట నేర్చిరి. సముద్రమట్టమున నూరు సెంటిగ్రేడు డిగ్రీలకు మరుగు నీరు లాసా యెత్తున సుమారు 88 డిగ్రీలకే మరుగును. కాని అన్నిటికన్న కష్టమైన విద్య నడక. మెట్టయైనను, పల్లమైనను, రాళ్లయైనను, మంచైనను అడుగు నిడివి మారరాదు. మైలునకు సుమారు 2,000 అడుగులు పడునట్లు కాళ్లను తీర్చిదిద్దుకొనిరి. గొలుసులు, కొలబద్దలు చేయు పనిని మానవ శరీరముచేత చేయించుట ఇందలి రహస్యము.

ఆ లెక్క నిలుపుటకు సాధనము జపమాల. బౌద్ధుల జపమాలకు 108 పూసలుండును. వీరి మాలకు 100 మాత్రమే యుండెను. ప్రతి పదవ పూస పెద్దది. నూరడుగులకు ఒక పూస జారును. మాల ఒక చుట్టు తిరిగినచో 10,000 అడుగులు, అనగా ఇంచుమించు 5 మైళ్లు. లామాలు త్రిప్పు ప్రార్థనాచక్రములో మంత్రపత్రమునకు బదులు తెల్లకాగితపు చుట్ట యుండెను. దిశలు, దూరములు దానిపై వ్రాసికొందురు. ఎవరైన సమీపించినచో చక్రము త్రిప్పుచు జపములో మునిగినట్లుండుట మేలు. జపించువానిని పలుకరించుట ఆ దేశమున మర్యాద కాదు. సెక్స్‌టంటు పెట్టె దొంగ అడుగున దాగెను. ఉష్ణమాపకము చేతికర్రలో దాగెను. పాదరసమును గవ్వలలో పోసి మైనముతో మూసిరి. నక్షత్రము చూడవలసిన రాత్రి దానిని యాత్రికుని కొయ్యగిన్నెలో పోసినచో సమతలమైన అద్దమగును.

పేర్లును దాచబడెను. నివేదికలలో నైన్‌సింగు ఒకటవ నంబరు, లేదా పండితుడు. ఆయన జ్ఞాతి కిషన్‌సింగు పేరులోని మొదటి, తుది ఇంగ్లీషు అక్షరములను తారుమారు చేసి ‘ఎ.కె.’ అనిరి. భద్రతకొరకు చేసిన ఈ యేర్పాటు వలన, వారి కష్టమును లోకము మెచ్చుకొనుచున్నప్పుడును చాలకాలము వారి పేరు లోకమునకు తెలియకుండెను.

ఈ పనియొక్క ఉద్దేశమును గూర్చి భ్రమపడనక్కరలేదు. రష్యా సామ్రాజ్యము మధ్యాసియాలో ముందునకు వచ్చుచుండగా, బ్రిటిషు ప్రభుత్వము తన సరిహద్దుల కావల నున్న బాటలను తెలిసికొనగోరెను. పటము జ్ఞానమునకును సాధనమే, దండయాత్రకును సాధనమే. 1904లో బ్రిటిషు సేన లాసాను చేరినప్పుడు ఆ రెండవ సంగతి టిబెట్టువారికి బాగుగ తెలియవచ్చెను. పంపినవారి కోరిక యేదైనను, నడచినవాని నిజాయితీ వేరొక విషయము. మనము విచారించునది ఆ నడచినవానిని గూర్చియే.

లాసా త్రోవ

1865 జనవరిలో పండితులిద్దరు బయలుదేరిరి. కుమాయూను కనుమలనుండి ప్రవేశము దొరకక నేపాళము మీదుగా పోవలసివచ్చెను. మార్చినెలలో ఖాట్మండు విడిచి కిరోంగు అను సరిహద్దు ఠాణాను చేరిరి. అక్కడి అధికారులు వారి మాటలు నమ్మక వెనుకకు మరలించిరి. మణిసింగు ఆరోగ్యము చెడి ఆ ప్రయత్నము విడిచి, పశ్చిమ నేపాళపు బాటలను కొలుచుచు తిరిగిపోయెను. నైన్‌సింగు వేషము మార్చి, జూన్ నెలలో వేరొక వర్తకుని వెంట మరల బయలుదేరెను. ఆ వర్తకుడు ఆయనవద్ద సొమ్ము పుచ్చుకొని మాట తప్పెను. ఎట్టకేలకు సరిహద్దు దాటుటకు అనుమతి లభించినప్పుడు, తాను లాసాకు పోనని, పోయినచో తన తల పోవుననియు ఒప్పుకొని ముచ్చలిక వ్రాసి యియ్యవలసి వచ్చెను.

ఆ ముచ్చలికను వెంటబెట్టుకొని ఆయన లాసాకే పోయెను. సెప్టెంబరులో త్రాదోము మఠమును చేరి, అటునుండి లడాఖు వర్తకుల బిడారులో కలిసెను. గుంపులో నడచుచు అడుగులు లెక్కించుట, గుంపు నిద్రించినపుడు నక్షత్రములు చూచుట ఆయన నిత్యకృత్యము. అక్టోబరు కడపట షిగాచే చేరి, అక్కడ పంచెన్ లామాను దర్శించెను. 1866 జనవరి 10వ తేదీన లాసాలో అడుగుపెట్టెను.

అప్పటికి చేతి సొమ్ము అడుగంటెను. సన్నాహము చేసినవారు పాదరసమునకు గవ్వలు సిద్ధపరచిరి గాని, ఇంతకాలమునకు చాలు ద్రవ్యమును అందజేయు మార్గము సిద్ధపరుపలేదు. ఆ దూరమున హుండీ చెల్లదు, ఉత్తరము పోదు. అప్పుడు పండితునకు పూర్వపు వృత్తి అక్కరకు వచ్చెను. లాసాలోని నేపాళ వర్తకులకు హిందూపద్ధతి జమాఖర్చులు నేర్పి ఆయన పొట్ట పోసికొనెను. ప్రపంచమునకు తెలియని నగరమును పటమున నిలుపుటకు వచ్చిన మనుష్యుడు పూట గడచుటకు లెక్కలు చెప్పుకొనుట, మన గుమాస్తాలోకము గర్వముతో చెప్పుకొనదగిన కథ.

అపాయము మాత్రము తొలగలేదు. ఇద్దరు కాశ్మీరు మహమ్మదీయ వర్తకులు ఆయన వేషమును కనిపెట్టిరి. కాని రహస్యము బయటపెట్టలేదు. ఒకనాడు వీధిలో, తాను ముచ్చలిక వ్రాసి యిచ్చిన కిరోంగు అధికారియే కానవచ్చెను. అధికారానుమతి లేక నగరమునకు వచ్చిన ఒక చీనావాని తల బహిరంగముగా తీయించుటయు ఆయన కన్నులార చూచెను. అటుపిమ్మట బస మార్చి, బయట తిరుగుట తగ్గించుకొనెను. అయినను కొలత మానలేదు. లాసా అక్షాంశమును 29 డిగ్రీల 39 నిమిషములుగా నిర్ణయించెను. నేటి కొలతలకు అది సరిపోవుచున్నది. నీటి మరుగునుబట్టి ఆయన కట్టిన యెత్తు సుమారు 11,700 అడుగులు. నేడు మనము చెప్పుకొను యెత్తు 12,000 అడుగులకు కొంచెము తక్కువ. చలిలో దాగి దాగి నీరు కాచినవాని లెక్కకు ఇది చిన్న తేడాయే.

ఏప్రిల్ నెలలో లడాఖు బిడారుతోనే తిరుగు ప్రయాణము కట్టి, మానస సరోవర ప్రాంతము మీదుగా స్వదేశమునకు వచ్చి, 1866 అక్టోబరు 27న దెహరాదూను చేరెను. కొలిచిన బాట సుమారు 1,200 మైళ్లు. లెక్కించిన అడుగులు ఇరువదియైదు లక్షలు. సాంగ్‌పో నది పై భాగమంతయు ఆ ఒక్క యాత్రతో పటము కెక్కెను.

1867లో ఆయన మరల పోయి, పశ్చిమ టిబెట్టులో 16,000 అడుగులకు పైబడిన యెత్తున నున్న థోక్ జాలుంగు బంగారుగనులను చూచివచ్చెను. కడపటి యాత్ర 1874 జూలైలో లేహ్ నగరమున ఆరంభమాయెను. ఉత్తరపు పీఠభూమి మీదుగా నవంబరులో లాసా చేరి, ఎవరో గుర్తించిరని తెలిసి, కొలతపుస్తకములను ఇద్దరు సేవకులచేత లేహ్‌కు పంపి, రెండు దినములకే నగరము విడిచి, తవాంగు మీదుగా 1875 మార్చి మొదట అస్సాములోని ఉదాల్‌గురి చేరెను. ఆ శ్రమతో ఆయన చూపు చాలవరకు దెబ్బతినెను. 1877లో లండను రాజకీయ భౌగోళిక సంఘము ఆయనకు స్వర్ణపతకము నొసగెను. ప్రభుత్వము ఒక గ్రామమును జాగీరుగా నిచ్చెను. శేషించిన శక్తిని ఆయన క్రొత్తవారికి ఈ విద్య నేర్పుటలో వినియోగించెను.

ఎవరును చూడని దుంగలు

నైన్‌సింగు కథ మెప్పుతో ముగిసెను. అందరి కథ అట్లు ముగియలేదు.

కిషన్‌సింగు 1878 ఏప్రిల్‌లో డార్జిలింగు విడిచి లాసా చేరి, ఉత్తరమునకు పోవు బిడారు కొరకు ఒక యేడు వేచియుండెను. త్రోవలో దొంగలు దోచిరి. సేవకుడొకడు ఉన్న సొమ్ముతో పారిపోయెను. అయినను చీనాదేశపు టున్‌హువాంగు వరకు పోయెను. దొంగల భయముచేత గుర్రముపై పోక తప్పనప్పుడు గుర్రపు అడుగులను లెక్కించి దూరము కట్టెను. 1882 నవంబరులో చినిగిన బట్టలతో డార్జిలింగు చేరెను. నాలుగున్నర యేండ్లు, సుమారు 2,800 మైళ్లు. ఇల్లు చేరినప్పుడు ఆయన ఒక్క కుమారుడు మరణించియుండెను, సంసారము చెదరియుండెను. పోయినవాడు బ్రతికియున్నాడో లేడో ఇంటివారికి చెప్పువారు లేరు.

కింథప్ కథ మరియు శోచనీయము. సిక్కిం దేశీయుడైన ఈ దర్జీకి చదువు లేదు. ఓర్పు మాత్రము మిక్కుటము. సాంగ్‌పో నదియే బ్రహ్మపుత్రయా అన్న ప్రశ్నను తేల్చుటకు కెప్టెను హార్మను 1880లో ఒక చీనా లామాను పంపుచు, ఇతనిని సహాయకుడుగా జతచేసెను. గుర్తులు గల దుంగలు 500 సాంగ్‌పోలో విడువవలెను. అస్సాములో బ్రహ్మపుత్ర ఒడ్డున మనుష్యులను నిలిపి అవి వచ్చునేమో చూడవలెను. ఇదియే యేర్పాటు. కొలతబద్దయు, యంత్రమును అక్కరలేని సుందరమైన ఉపాయము.

లామా త్రోవలో కాలమును, సొమ్మును వ్యర్థము చేసెను. కడకు కింథప్పును ఒక గ్రామాధికారికి బానిసగా అమ్మివైచి తన దారిన తాను పోయెను. కింథప్ కొన్ని మాసములు బానిసయై పనిచేసి, తప్పించుకొనెను. ఇంటివైపు పోలేదు, నదివైపు పోయెను. తరుముకొని వచ్చినవారి చేతికి చిక్కబోవుచుండగా ఒక మఠాధిపతి 50 రూపాయలిచ్చి అతనిని కొనెను. ఆ మఠమున సేవచేయుచు, తీర్థయాత్ర నెపముతో సెలవు పుచ్చుకొని, అడుగు పొడవు గల 500 దుంగలను కోసి, గుర్తుగొట్టములు కట్టి, ఒక గుహలో దాచెను. మరల మఠమునకు వచ్చి, మరల సెలవు సంపాదించి లాసాకు పోయి, తనవంటి సిక్కిం మనుష్యుని చేత ఉత్తరము వ్రాయించెను. ఫలాన దినములలో దినమునకు 50 చొప్పున దుంగలు విడుతునని అందలి సారాంశము. తిరిగి మఠమునకు వచ్చి, మరికొంతకాలము కొలిచి, చెప్పిన దినములలో చెప్పిన రీతిగా పదిదినములు దుంగలను నదిలో విడిచెను.

అస్సాములో ఎవరును చూచుచుండలేదు. ఉత్తరము చేరవలసిన చేతికి చేరలేదు. హార్మను అప్పటికే అనారోగ్యముచేత భారతదేశము విడిచిపోయెను. ఆయన స్థానమున ఆ పనిని స్వీకరించినవారు లేరు. ఐదువందల దుంగలు బ్రహ్మపుత్రలో పడి, ఎవరి కంటను పడక, బంగాళాఖాతము వైపు కొట్టుకొనిపోయెను. నాలుగేండ్లకు, 1884లో, కింథప్ తిరిగివచ్చెను. ఈ నడుమ అతని తల్లి మరణించియుండెను. అతడు నోట చెప్పిన వృత్తాంతమును వేరొకరు వ్రాసికొని అనువదించిరి. అందు ఒక జలపాతమును గూర్చిన పొరపాటు దొరలుటచేత పండితలోకము అతని మాటను పూర్తిగా నమ్మలేదు. అతడు మరల కుట్టుపని చేసికొనుచు డార్జిలింగులో కాలము గడపెను.

1913లో బెయిలీ, మోర్స్‌హెడ్ అను అధికారు లిద్దరు ఆ లోయలో నడచి, కింథప్ ముప్పదియేండ్ల క్రిందట జ్ఞాపకమునుండి చెప్పిన ఊళ్లు, మజిలీలు ఆశ్చర్యకరముగా సరిపోవుట గ్రహించిరి. జలపాతపు పొరపాటు వ్రాసినవారిదేగాని చెప్పినవానిది కాదని తేలెను. బెయిలీ అతనిని వెదకించి, పింఛను ఇప్పింపవలెనని ప్రభుత్వమును కోరెను. ఇతడు తొంబదియేండ్లు బ్రతికినచో ఖజానాకు భారమగునని శంకించి, ప్రభుత్వము ఒకేసారి 1,000 రూపాయల బహుమతితో సరిపెట్టెను. కొద్దిమాసములకే కింథప్ మరణించెను.

మూడవ మనుష్యుడు

ఈ మూడు యాత్రలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో ఒక సంగతి స్పష్టమగును. ప్రతి యాత్రకును ముగ్గురు మనుష్యులు కావలెను: పోవువాడు, పంపువాడు, ఎదురుచూచువాడు. మాంట్‌గొమరీ మొదలగువారు పోవువానిని అద్భుతముగా సిద్ధపరచిరి. వాని యడుగు నిడివిని అంగుళములతో దిద్దిరి. వాని మాలలోని పూసలను తగ్గించిరి. వాని పేరునుసైతము త్రిప్పివ్రాసిరి. పంపువాని సామర్థ్యమునకును లోటు లేదు. లోపము మూడవ మనుష్యుని విషయముననే కలిగెను. నైన్‌సింగునకు సొమ్ము అందజేయువాడు లేడు. కిషన్‌సింగు ఇంటికి కబురు చెప్పువాడు లేడు. కింథప్ దుంగలను చూచువాడు లేడు.

ఇందులో ఎవరి దుర్మార్గమును లేదు. ఒక అధికారి జబ్బుపడి పోయెను. ఆయన పని మరియొకరికి అప్పగింపబడలేదు. మన కార్యాలయములలో ఇది నిత్యము జరుగునదే. బదిలీయైన అధికారి బల్లపై మిగిలిన ఫైలు ఎన్ని నెలలు కదలకుండునో మనకు తెలియనిది కాదు. ఆ ఫైలునకు అవతలి కొస నొక మనుష్యుడు ఏ యరణ్యముననో, ఏ మంచులోనో చెప్పిన తేదీకి చెప్పిన పని చేయుచుండునని మాత్రము మనకు తోచదు. చార్జి అప్పగించు కాగితమును ఒక లాంఛనముగా భావించువారు కింథప్ కథను ఒకమారు తలచుకొనుట మంచిది.

కాలము మారినది. మిలం గ్రామపు భోటియాలను బ్రతికించిన టిబెట్టు వర్తకము 1962 యుద్ధముతో నిలిచిపోయెను. ఆ గ్రామమున నేడు శిథిలములైన రాతియిండ్లు పెక్కులు కానవచ్చును. 2004లో మన తపాలాశాఖ మహాత్రికోణమితి సర్వే ద్విశతాబ్ది సందర్భమున నైన్‌సింగు, రాధానాథ్ సిక్దారుల బొమ్మలతో బిళ్లలు వెలువరించెను. ఒకప్పుడు పేరు చెప్పరాని మనుష్యుని ముఖము ఇట్లు దేశమందలి ఉత్తరములపై సంచరించెను. పండితులు దొంగచాటుగా పోయిన కైలాస మానస సరోవర ప్రాంతమునకు 1981 నుండి భారత విదేశాంగశాఖ యాత్రికుల బృందములను బహిరంగముగా పంపుచు వచ్చెను. 2020లో నిలిచిన ఆ యాత్ర 2025లో లిపులేఖ్, నాథులా కనుమల మీదుగా మరల ప్రారంభమాయెను. అందు పోవువారికి వైద్యపరీక్షలు, అధికారుల తోడు, బృందమునకు నాయకుడు, వార్తాసౌకర్యము కలవు. పోవునప్పుడు లెక్కించిన తలలను వచ్చునప్పుడు మరల లెక్కించు మనుష్యుడొకడు కనుమ వద్ద నిలిచియుండును. మూడవ మనుష్యుని కొరత తీరుటకు చాలకాలము పట్టినది.

కొండల యాత్రకు పోదలచిన మన సభ్యులు వస్తువుల పట్టిక వ్రాసికొనునప్పుడు కంబళి, మందులు, చేతికర్ర అను వాని క్రింద మరియొక పంక్తి చేర్చుకొందురుగాక: ఏ దినమున ఏ మజిలీలో నుందుమో ఎవరికి చెప్పియుంచితిమి? ఆ పేరు గల మనుష్యుడు ఊరు విడిచిపోయినచో అతని బదులు ఎవరు చూచుచుందురు? మంచులో నడచువాని బలము అతని కాళ్లలో ఎంత కలదో, అతని దుంగల కొరకు ఏటి యొడ్డున కాచుకొనియున్న వాని కన్నులలోను అంతయే కలదు.